కాంగో వేదిక మీద, తప్పెట గేటు బయట!



వార్షికోత్సవం వచ్చిందంటే ఆర్కెస్ట్రా రావాల్సిందే. కర్నూలైనా, కడపైనా, నంద్యాలైనా, ప్రొద్దుటూరైనా యాడ చూసినా ఇదే వరుస. కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడు, వాటి పక్కన పొడుగ్గా నిలబెట్టిన రెండు డోళ్లు, ఒక జత బుల్లి డోళ్లు. పొడుగువాటిని మన ఆర్కెస్ట్రావాళ్లు 'కాంగో' అంటారు, బుల్లి జతను 'బాంగో' అంటారు. వాయించే ఆయనకు ఒక కుర్చీ, ముందు ఒక మైకు. పాట మధ్యలో గాయకుడు ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టిస్తాడు. మనమూ ఈలలేస్తాం. మంచిదే. కళాకారునికి దక్కవలసిన గౌరవం అది.

అదే రోజు ముఖ్య అతిథిని గేటు నుంచి తోడుకొని వచ్చేది ఎవరు? తప్పెటలవాళ్లు. ఎండలో అరగంట ముందే వచ్చి, కాగితాలూ కసువూ పోగేసి మంట వేసి, తోలు కాచుకొని సిద్ధంగా ఉంటారు. కారు రాగానే మోత మొదలవుతుంది. వేదిక మెట్ల దగ్గరికి రాగానే ఆగిపోతుంది. పూలదండలు మెట్లెక్కుతాయి, శాలువలు మెట్లెక్కుతాయి, తప్పెట మాత్రం ఎక్కదు! ఆహ్వాన పత్రికలో వాళ్ల పేర్లుండవు. భోజనాల పందిట్లో వాళ్లు కూర్చున్నారో లేదో అడిగే నాథుడుండడు.

కాంగోకు ఉన్న మర్యాద తప్పెటకు ఎందుకు లేదు? ఈ ప్రశ్న వేసినందుకు కొందరు నవ్వొచ్చు. 'అది ఇంగ్లీషు వాద్యం కదప్పా, దానికీ దీనికీ పోలికేంది?' అనొచ్చు. ఆ నవ్వేవాళ్లకోసమే ఈ నాలుగు మాటలు. కాంగో ఇంగ్లీషు వాద్యం కాదు. దొరల వాద్యం అంతకన్నా కాదు. అది బానిసల డోలు. పోలీసులు తరిమిన డోలు. మన తప్పెటకు అది స్వయానా అన్నో తమ్ముడో కావాల!

కాంగో పుట్టింటి కథ వినండి.

కరేబియన్ సముద్రంలో క్యూబా అనే దీవి ఉంది. అక్కడి చెరకు తోటల్లో చాకిరీకి స్పెయిన్ దేశపు దొరలు ఆఫ్రికా నుంచి లక్షలాది మందిని బానిసలుగా పట్టుకొచ్చారు. యొరూబావాళ్లు, కాంగో ప్రాంతంవాళ్లు, ఇంకా ఎన్నెన్నో జాతులవాళ్లు. వాళ్ల నేల పోయింది, పేర్లు పోయినాయి, కుటుంబాలు చెదిరినాయి. చేతుల్లో మిగిలింది తాళం ఒక్కటే. డోలు లేకపోతే పెట్టె మీద వాయించారు. హవానా, మతాంజాస్ ఓడరేవుల్లో సరుకుల పెట్టెలను తిరగేసి వాయించిన ఆటే 'రుంబా' అయింది. క్యూబాలో బానిసత్వం రద్దయింది 1886లో. అయితే చట్టం పోయినంత సులభంగా చిన్నచూపు పోతుందా? హవానా పండుగ ఊరేగింపుల్లో నల్లవాళ్ల మేళాలు రాకూడదని 1910ల్లో నిషేధం పెట్టి, 1937 దాకా నడిపించారు. 1920లలో 'ఆఫ్రికా తరహా డోళ్లు' బహిరంగంగా వాయించరాదని ఆంక్షలు పెట్టారు. ఇవాళ మన పెళ్లి పందిట్లో ముచ్చటగా మోగే ఆ బుల్లి బాంగోను ఒకప్పుడు పోలీసులు లాక్కొని పోయేవాళ్లంటే నమ్మబుద్ధి అవుతుందా?

మరి తరిమిన డోలు వేదిక ఎట్లా ఎక్కింది? ఎవరో జాలిపడి ఎక్కిస్తే ఎక్కలేదు. వాయించేవాళ్లు పట్టుబట్టి ఎక్కించారు.

ఆర్సేనియో రోడ్రిగెస్ అని ఒకాయన. పుట్టింది 1911లో. కాంగో ప్రాంతం నుంచి వచ్చిన బానిసలకు మనవడు. చిన్నప్పుడే చూపు పోయింది. మూడు జతల తీగలుండే 'త్రేస్' అనే వాద్యం మీద అసాధ్యుడు. 1940 ప్రాంతంలో ఆయన తన మేళంలోకి పియానోను తెచ్చాడు, ట్రంపెట్లు పెంచాడు. వాటితోపాటు అంతవరకూ వీధిలోనే ఉండిన కాంగో డోలును కూడా తెచ్చి సభలో కూర్చోబెట్టాడు. పెద్దమనుషుల నాట్యశాలలో ఆ డోలు మోగడమంటే అప్పటికి చిన్న సంగతి కాదు.

అదే 1940లో న్యూయార్కులో మచీటో అనే క్యూబా గాయకుడు ఒక మేళం కట్టినాడు. సంగీత సారథ్యం ఆయన బావమరిది మారియో బౌసాది. ఆ మేళానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఆఫ్రో-క్యూబన్స్'. ఆఫ్రికా అన్న మాట పలకడమే నామోషీ అనుకునే రోజుల్లో ఆ మాటనే బోర్డు మీద రాసుకున్నారు! ఆ తరువాత టీటో ప్యూయెంటే అనే మరో మొనగాడు వచ్చాడు. అప్పటిదాకా డోళ్లవాళ్లను వేదిక మీద వెనక వరుసలో నిలబెట్టేవారు. ఈయన తన 'తింబాలెస్' డోళ్లను ముందు వరుసకు తెచ్చి, నిలబడి వాయించాడు. వెనక వరుస నుంచి ముందు వరుసకు దూరం పది అడుగులే ఉండొచ్చు. ఆ పది అడుగులు నడవడానికి ఎన్ని తరాలు పట్టిందో ఆలోచించండి.

ఈ వాద్యాలన్నీ కలిసి, న్యూయార్కులోని ప్యూర్టో రికో పేటల్లో ఉడికి, 1960లు 70లలో 'సల్సా' అనే పేరుతో బయటికొచ్చాయి. సల్సా అంటే స్పానిష్ భాషలో నంజుకునే కారపు ద్రవ్యం. మన ఊరిబిండి అనుకోండి. ఏది ఎంత పడిందో విడదీసి చెప్పలేం, నాలుక మీద పెట్టుకుంటే మాత్రం తెలుస్తుంది. 1964లో జానీ పచేకో అనే సంగీతకారుడు, జెర్రీ మసూచీ అనే వకీలు కలిసి 'ఫానియా' రికార్డుల కంపెనీ పెట్టారు. 1971 ఆగస్టులో న్యూయార్కు 'చీతా' క్లబ్బులో ఫానియా కళాకారులంతా కలిసి చేసిన కచేరీతో సల్సా పేరు దేశదేశాలకు పాకింది. 1974లో అదే బృందం సెలియా క్రూజ్ అనే మహాగాయనితో కలిసి ఆఫ్రికాలో కాంగో నది ఒడ్డునున్న కిన్షాసా నగరంలో వాయించింది. సంకెళ్లతో సముద్రం దాటిన తాళం విమానమెక్కి పుట్టింటికి పోయింది! క్యూబా రుంబాను 2016లో, కాంగో రుంబాను 2021లో యునెస్కో మానవజాతి వారసత్వ కళల జాబితాలో చేర్చింది.

క్యూబాకు ఏ సంబంధమూ లేని ఊళ్లలో కూడా ఇట్లాంటి మేళాలు పుట్టినాయి. ఆఫ్రికాలో సెనెగల్ రాజధాని డకార్‌లో 1970లో 'ఆర్కెస్ట్రా బావోబాబ్' పుట్టింది. క్యూబా తాళంలో తమ భాషలు, తమ పల్లె బాణీలు కలుపుకొని వాయించింది. జపాన్‌లో 1984లో 'ఓర్కెస్టా దె లా లూజ్' అనే సల్సా మేళం పుట్టి, స్పానిష్‌లో పాడి, లాటిన్ అమెరికావాళ్ల చేతనే ఔననిపించుకుంది. తాళానికి సరిహద్దు లేదు. అడ్డొచ్చేదల్లా మనిషి మనసులోని మెట్లే.

'ఇదంతా యాడో సముద్రాల అవతల కథ, మనకేంది?' అంటారా? సముద్రం దాకా ఎందుకు, తుంగభద్ర, కృష్ణ దాటితే చాలు. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు హైదరాబాదులో ఉన్నారు. మన కర్నూలుకు ఆవలిగట్టునున్న వనపర్తి సంస్థానంలో ఉండిన ఆఫ్రికన్ దళం తరువాత నిజాం కొలువుకు చేరి 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' అయింది. మాసాబ్ ట్యాంకు పక్కన ఏ.సీ. గార్డ్స్ అనే పేట పేరు దాని నుంచి వచ్చిందే. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినాక ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయినాయి, జీతాలు పోయినాయి. మిగిలింది మళ్లీ తాళమే! సిద్దీలు, యెమెన్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు కలిసి పెంచిన 'మర్ఫా' మేళం పెళ్లిళ్లలో మోగి వాళ్లకు కూడు పెట్టింది. ఇవాళ పెళ్లి ఊరేగింపులో కుర్రకారు 'తీన్మార్, తీన్మార్' అని ఎగురుతారే, మర్ఫా దరువుల్లో ఒకదాని పేరు అది. కాబట్టి ఆఫ్రికా తాళం మనకు కొత్త చుట్టం కాదు. గుర్తుపట్టని పాత చుట్టం.

ఇక మన తప్పెట సంగతికి వద్దాం. తప్పెట అంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎదకు కట్టుకొని ఆడే తప్పెటగుళ్లు కాదు. మన సీమలో తప్పెట, పలక అని, మిగతాచోట్ల డప్పు అని పిలిచే వాద్యం. గుండ్రని కొయ్య చట్రం, ఒక పక్క తోలు, ఎడమ భుజానికి వేలాడే తాడు. కుడిచేతిలో పొట్టి లావుపుల్ల, ఎడమచేతిలో సన్నని పొడుగుపుల్ల. చూడటానికి ఇంతే. కానీ లావుపుల్ల ఒక మాట అడుగుతుంటే సన్నపుల్ల దానికి అడ్డంపడి జవాబు చెప్తుంటుంది. జాతరకు ఒక దరువు, పెళ్లికి ఒకటి, చావుకు ఒకటి, చాటింపుకు ఒకటి. పీర్ల పండుగలో గుండం చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి అడుగేసేది తప్పెట మోతకే. దూరం నుంచి చెవిన పడిన దరువును బట్టే ఊరిలో ఏం జరుగుతోందో ముసలివాళ్లు చెప్పేస్తారు.

క్యూబా మేళానికి ప్రాణం 'క్లావె' అనే రెండు కొయ్యముక్కలు. ఒకదానితో ఒకటి కొట్టుకుంటూ ఒక పక్క మూడు దెబ్బలు, ఒక పక్క రెండు దెబ్బలు వేస్తారు. మేళంలో ఇరవైమంది ఉన్నా సరే, అందరూ ఆ అయిదు దెబ్బలకు కట్టుబడాల్సిందే. మన చెక్కభజనను తలుచుకోండి. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గురువు ఒక చరణం ఎత్తుకుంటే గుంపంతా అందుకోవడం, వేగం పెరిగేకొద్దీ అడుగు మారడం. సల్సాలో గాయకుడు ఒక మాట విసిరితే బృందం పల్లవి అందుకునే ఘట్టం కూడా ఇట్లాంటిదే. అనంతపురం వైపు ఉరుముల మేళం విన్నవాళ్లకు డోలు మోత కడుపులో ఎట్లా కదులుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. తాళానికి, ఆటకు, గొంతుకు మనకేమీ కొదవ లేదు. వానకు కరువుంది గానీ దరువుకు కరువు లేని సీమ మనది!

కొదవ ఉన్నది వేరేచోట. తప్పెట వాయించేది ఎవరో మనకందరికీ తెలుసు. ఆ కులం పేరు పైకి అనకుండానే తప్పెటను మెట్ల కింద నిలబెడతాం. ఊరిలో చావైతే పిలుపు, జాతరైతే పిలుపు, చాటింపైతే పిలుపు. రానంటే తప్పు. వస్తే గింజలో, పాత గుడ్డలో, తాగడానికి నాలుగు డబ్బులో. దీన్ని కళ అంటామా, వెట్టి అంటామా? మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం కూడా వచ్చింది. అయినా తప్పెటకు అంటుకున్న ఆ వాసన ఇంకా పూర్తిగా పోలేదు.

అందుకే చదువుకున్న దళిత యువకులు చాలామంది 'మా నాయన కొట్టినాడు చాలు, మేం కొట్టం' అని తప్పెటను పక్కన పెట్టేశారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 'అయ్యో, కళ అంతరించిపోతోందే' అని కుర్చీలో కూర్చొని బాధపడే పెద్దలు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాల. కళ బతకడం కోసం ఒక మనిషి కిందనే ఉండాలా? అట్లా బతికే కళ మనకొద్దు. రాకూడదనుకున్నవాడు రాకుండా ఉండే స్వేచ్ఛ ఉన్నప్పుడే, వచ్చినవాడు కళాకారుడవుతాడు.

ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమం 'దండోరా' అనే పేరునే జెండాగా ఎత్తుకొంది. ఎవరో చెప్పిన మాటను ఊరికి చాటిన డప్పు, తన మాటను తానే రాష్ట్రమంతా చాటింది. మచీటో తన మేళానికి పెట్టుకున్న పేరుకూ ఈ పేరుకూ మధ్య సముద్రాలున్నాయి గానీ పౌరుషం ఒక్కటే. ప్రభుత్వం కూడా డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. మంచి పనే. అయితే పింఛను ముసలితనానికి ఆసరా, వేదిక పడుచుతనానికి గౌరవం. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టరాదు.

ఇక్కడ క్యూబా కథలోనే ఉన్న ఒక హెచ్చరిక చెప్పకపోతే నా వాదన సగమే అవుతుంది. 1930లో హవానా నుంచి డాన్ అజ్పియాజూ ఆర్కెస్ట్రా న్యూయార్కు వచ్చాక అమెరికా అంతా 'రుంబా' పిచ్చి పట్టింది. పెద్ద పెద్ద హోటళ్లలో ఆ తాళానికి దొరలు, దొరసానులు ఆడినారు. మరి ఆ తాళాన్ని పుట్టించిన నల్లవాళ్లకు ఆ హోటళ్ల తలుపులు తెరుచుకున్నాయా? లేదు. కాంగోను సభకెక్కించిన ఆర్సేనియో కూడా 1970లో లాస్ ఏంజెలెస్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోని స్థితిలో కన్నుమూశాడు. ఆయన బాట మీద నడిచిన సల్సా ఆ తరువాతే కోట్లు గడించింది. అంటే డోలు వేదిక ఎక్కినంత మాత్రాన డోలు వాయించేవాడు ఎక్కినట్టు కాదు. మనవాళ్లు కూడా యువజనోత్సవాల్లో తప్పెటను తెచ్చి, జరీ పంచెలు కట్టి, నాలుగు దరువులు కొట్టి బహుమతి పట్టుకొస్తారు. నేర్పిన మనిషి పేరు ఆ బహుమతి పత్రం మీద యాడైనా ఉందా? వెతికి చూడండి.

'అంతా బాగానే ఉందప్పా, కానీ పిల్లలకు సినిమా పాటలే కావాల, తప్పెట పెడితే లేచిపోతారు' అని కార్యవర్గ సభ్యులు అనొచ్చు. సినిమా పాటలు వద్దని నేననలేదు. ఆర్సేనియో పియానోను వద్దన్నాడా? డోలు పక్కనే కూర్చోబెట్టినాడు. మనమూ కీబోర్డు పక్కన తప్పెటను, గిటారు పక్కన చెక్కలను కూర్చోబెట్టొచ్చు. తప్పెట దరువు మీద ట్రంపెట్ ఊదేవాడు మన బ్యాండుమేళాల్లోనే ఉన్నాడు. సినిమావాళ్లు ఆ దరువును పాటలో పెడితే థియేటరంతా లేచి ఎగిరే మనం, అదే దరువు కళ్ల ముందు మోగితే లేచి వెళ్లిపోతామా? ఊరేగింపులో గంటసేపు ఆడే కాళ్లు వేదిక ముందు పది నిమిషాలు ఆడలేవా?

కాబట్టి విద్యార్థి సంఘానికి నా సూచనలు ఇవి. ఖర్చు తక్కువ, ధైర్యం ఎక్కువ కావాల్సినవి.

ఒకటి: వార్షికోత్సవ ఆహ్వాన పత్రికలో తప్పెట కళాకారుల పేర్లు, ఊరి పేరుతో సహా, ఆర్కెస్ట్రా పేరు అచ్చయిన చోటే అచ్చు కావాల.

రెండు: ఆర్కెస్ట్రాలో కాంగో వాయించేవారికి ఎంత ఇస్తామో తప్పెట వాయించేవారికీ అంతే. బేరం ముందే మాట్లాడి, కొంత ముందే చేతికివ్వాల. అయిపోయినాక 'మళ్లీ కనపడు' అనే మాట వినపడకూడదు.

మూడు: భోజనం ఒకే పందిట్లో, ఒకే వరుసలో.

నాలుగు: గేటు దగ్గర స్వాగతం చెప్పిన మేళమే సాయంత్రం వేదిక మీద అరగంట వాయించాల. మైకు ముందు, దీపాల వెలుగులో.

ఐదు: ఏడాదిలో కనీసం పది రోజులు ఒక కళాకారుణ్ణి గురువుగా పిలిచి, జీతమిచ్చి, ఇష్టపడిన విద్యార్థులకు నేర్పించాల. అన్ని కులాల పిల్లలూ, ఆడపిల్లలూ నేర్చుకోవాల. పది రకాల చేతులు పట్టుకున్న పుల్లకు కులం అంటుకొని ఉండలేదు. నేర్చుకునేటప్పుడే ఆ దరువుల పేర్లు, అవి ఎప్పుడెప్పుడు వాయిస్తారో రాసిపెట్టి, చెప్పినవారి పేరుతోనే వచ్చే సంచికలో వేయాల.

ఇందులో ఏదీ ప్రభుత్వాన్ని అడగాల్సింది లేదు. యూనివర్సిటీ అనుమతి కోసం ఎదురుచూడాల్సింది లేదు. ఫీజు రాయితీ అడగడానికి, బస్సులు అడగడానికి ధర్నాలు చేసిన సంఘాలు మనవి. ఈ ఒక్కటి మన చేతిలోనే ఉంది. కార్యవర్గం ఒక సాయంత్రం కూర్చొని తీర్మానం రాస్తే చాలు.

ఎన్నికల్లో ఓట్లడిగేటప్పుడు మనమందరం సమానత్వం గురించి గొంతు చించుకుంటాం. మన వేదికకు అయిదారు మెట్లున్నాయి. ఆ సమానత్వం ఎన్నో మెట్టు దాకా వచ్చిందో ఈ ఏడాది కార్యవర్గం చూపించాల. మనం దారి ఇస్తే చాలు, తప్పెటకు మెట్లెక్కడం ఎవరూ నేర్పాల్సిన పనిలేదు.